చదరంగం నేర్పితే లెక్కల్లో మార్కులు వస్తాయా?

జూన్ వచ్చిందంటే స్కూళ్ల గోడల మీద కొత్త ఫ్లెక్సీలు వెలుస్తాయి. అబాకస్, రోబోటిక్స్, కరాటే, వాటి పక్కనే చెస్. 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాక చెస్ అక్షరాల సైజు ఇంకాస్త పెరిగింది. కింద ఓ వరుస ఉంటుంది: ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పెరుగుతాయి, లెక్కలు బాగా వస్తాయి అని. ఫీజు కట్టబోయే తల్లిదండ్రులు అడిగేది ఆ చివరి మాట గురించే. "చెస్ నేర్పిస్తే మావాడికి మ్యాథ్స్‌లో పనికొస్తుందా సార్?"

పనికొస్తుందనే చెబుతారు అందరూ. కోచ్ చెబుతాడు, ప్రిన్సిపాల్ చెబుతారు, చెస్ ఆడే పిల్లాడికి లెక్కల్లో నూటికి నూరు వచ్చిందని పక్కింటివాళ్లు కూడా చెబుతారు. ఆ మాట నిజమా కాదా అని పనిగట్టుకుని పరీక్షించినవాళ్లున్నారు. వాళ్లకు దొరికిన జవాబు ఫ్లెక్సీ మీద ఉన్నంత తీపిగా లేదు. అయినా సరే, బడిలో చదరంగం నేర్పాలనే అంటాను. కాకపోతే అందుకు కారణం లెక్కల మార్కులు కావు.

ముందు ఆ పరీక్షల సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అనే సంస్థ 100 ప్రాథమిక పాఠశాలలను తీసుకుంది. తొమ్మిది, పదేళ్ల పిల్లలు సుమారు 4,000 మంది. స్కూళ్లను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపు పిల్లలకు వారానికో గంట చొప్పున 30 గంటలు చదరంగం నేర్పారు. రెండో గుంపుకు ఎప్పటి చదువే. పాఠాలు ముగిశాక ఏడాది ఆగి, అక్కడి ప్రభుత్వ పరీక్షల్లో రెండు గుంపులకూ లెక్కల్లో వచ్చిన మార్కులు పక్కపక్కన పెట్టి చూశారు. తేడా లేదు. చదవడంలోనూ లేదు, సైన్సులోనూ లేదు. 2016లో ఈ నివేదిక బయటికొచ్చినప్పుడు చెస్ అభిమానులు కొంత నొచ్చుకున్నారు.

లాటరీ ఎందుకు వేశారో తెలుసుకుంటే, మన చుట్టూ వినపడే కథల విలువ ఎంతో తెలుస్తుంది. స్కూల్లో చెస్ క్లాసుకు పేరిచ్చే పిల్లలు ఎవరు? చాలావరకు అప్పటికే కుదురుగా కూర్చోగలవాళ్లు, ఇంట్లో చదువు పట్టించుకునే పెద్దలున్నవాళ్లు, ఆ అదనపు ఫీజు కట్టగలవాళ్లు. ఏడాది తర్వాత వాళ్లకు మంచి మార్కులొస్తే ఆ ఘనత చెస్‌దా, ఇంటిదా? విడదీసి చెప్పడం కుదరదు. లాటరీ వేస్తే రెండు గుంపుల్లోనూ అన్ని రకాల పిల్లలూ పడతారు కాబట్టి, మిగిలిన తేడా ఏదైనా ఉంటే దాన్ని చదరంగం ఖాతాలో వేయొచ్చు.

ఇంకో చిక్కుంది. ఫెర్నాండ్ గోబే, జొవాన్నీ సాలా అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 24 అధ్యయనాలను కలిపి 2016లో లెక్క తేల్చారు. సగటున చూస్తే చెస్ నేర్చిన పిల్లలకు ఓ మోస్తరు లాభం కనిపించింది, పాతిక గంటలు దాటి నేర్చినవాళ్లకు మరికొంత ఎక్కువగా. అయితే వాళ్లే ఒక హెచ్చరిక కూడా చేశారు. ఆ అధ్యయనాల్లో దాదాపు అన్నిటిలోనూ చెస్ నేర్చిన పిల్లలను ఏమీ కొత్తగా నేర్వని పిల్లలతో పోల్చారు. తరగతికి కొత్త సారు వచ్చి, కొత్త వస్తువు చేతికిచ్చి, "మీరు ప్రత్యేకం" అన్నట్టు చూస్తే పిల్లల హుషారు ఎలాగూ పెరుగుతుంది. ఆ హుషారు కొన్నాళ్లు మార్కుల్లోనూ కనిపించవచ్చు. సంగీతమో, తోటపనో నేర్పినా వచ్చే లాభమే ఇది అయితే, అది చదరంగం మహిమ కాదుకదా?

అసలు ఒక ఆటలోని తెలివి ఇంకో పనిలోకి ఎందుకు దిగదు? దీనికి జవాబు 1973లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చేసిన ప్రయోగంలో ఉంది. (సైమన్‌కు ఆ తర్వాత 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, వేరే పనికి.) నిజమైన ఆట మధ్యలోంచి తీసిన ఒక బోర్డును ఐదు సెకన్లు చూపించి, దాచేసి, పావులను గుర్తున్నంతవరకు పెట్టమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు పదిహేను, పదహారు పావులు సరైన గళ్లలో పెట్టాడు. కొత్తగా నేర్చినవాడు నాలుగో ఐదో. ఇక్కడిదాకా మనం అనుకున్నదే. తర్వాత అవే పావులను ఇష్టమొచ్చినట్టు, ఏ ఆటలోనూ రాని విధంగా బోర్డు మీద చల్లి చూపించారు. ఈసారి మాస్టర్ కూడా కొత్తవాడి దగ్గరికి దిగిపోయాడు.

అంటే మాస్టర్‌కు పెరిగింది జ్ఞాపకశక్తి కాదు. చదరంగపు అమరికలతో పరిచయం. రాజు కోటలో ఉన్నప్పుడు అతని ముందు మూడు బంట్లు, పక్కన ఏనుగు, బంట్ల ముందు గుర్రం అన్నది అతని కంటికి విడివిడి పావులుగా ఆనదు, ఒకే ముద్దగా ఆనుతుంది. ఆ పరిచయం కెమిస్ట్రీ సూత్రాలు గుర్తుపెట్టుకోవడానికి అక్కరకు రాదు. "చెస్ ఆడితే మెమరీ పెరుగుతుంది" అనే మాటకు యాభై ఏళ్ల కిందటే పడ్డ గండి ఇది. ఫ్లెక్సీలు రాసేవాళ్లకు ఇంకా కబురు అందలేదు.

మరి ఏం మిగిలింది? పావులతో ముడిపడనిది ఏదైనా ఉంటే అదే మిగులుతుంది. అదేమిటో చూడాలంటే, చదరంగం నేర్చిన మొదటి వారంలోనే ప్రతి తరగతిలోనూ జరిగే ఒక చిన్న ప్రమాదం దగ్గరికి వెళ్లాలి. నాలుగెత్తుల ఆటకట్టు.

తెల్లపావుల పిల్ల తన రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరుపుతుంది. నల్లపావుల పిల్లాడూ అంతే చేస్తాడు. తెల్ల శకటు, పిల్లలు బిషప్ అంటారు దాన్ని, సి4 గడికి వచ్చి కూర్చుంటుంది (అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డు వరుసది). నల్లవాడు ఎడమవైపు చూడకుండా గుర్రాన్ని సి6కి దూకిస్తాడు. ఇప్పుడు తెల్ల మంత్రి ఏటవాలుగా బోర్డు అంచుకు, హెచ్5 గడికి పోతుంది. నల్లవాడికి పండగే. "మంత్రి నాకు దొరికింది!" అనుకుని రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకించి మంత్రి మీద గురిపెడతాడు. తెల్ల పిల్ల నెమ్మదిగా మంత్రితో ఎఫ్7 బంటును కొడుతుంది. ఆటకట్టు. మంత్రి రాజు పక్కనే నిలబడింది, అయినా రాజు దాన్ని తినలేడు, వెనకనుంచి సి4లోని శకటు కాపలా కాస్తోంది.

ఆ పిల్లాడి ముఖం చూడాలి. వాడు చేసింది చెడ్డ పని కూడా కాదు. ఎదుటివాళ్ల పెద్ద పావు మీద దాడి చేశాడు, అది మంచి ఆలోచనే. వాడు అడగని ప్రశ్న ఒకటే: "తను మంత్రిని అక్కడికి ఎందుకు తెచ్చింది?" ఎఫ్7 గడిలోని బంటుకు ఆట మొదట్లో రాజు తప్ప ఇంకో కాపలా లేదు. దాని మీద మంత్రి, శకటు రెండూ గురిపెట్టాయి. ఆ ప్రశ్న అడిగి ఉంటే జి7 బంటును ఒక్క గడి జరిపేవాడు. మంత్రి దారి మూసుకుపోయేది, పైగా ఆ బంటే మంత్రిని బెదిరించేది. మంత్రి వెనక్కి పోవాలి. పోయే ప్రతిసారీ నల్లవాళ్లకు ఒక ఎత్తు కలిసొస్తుంది.

ఇక్కడ ఉపాధ్యాయులు రెండు రకాలుగా విడిపోతారు. ఒకరు ఈ కిటుకు అందరికీ నేర్పేసి "ఇలా ఆడితే నాలుగెత్తుల్లో గెలవొచ్చు" అంటారు. వారం రోజులు తరగతి నిండా ఇవే ఆటలు నడుస్తాయి, తర్వాత అందరికీ జి7 బంటు జరపడం బట్టీ వస్తుంది, అక్కడితో పాఠం ఐపోతుంది. ఇంకొకరు ఓడినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆటను మూడో ఎత్తు దాకా వెనక్కి తిప్పుతారు. "మంత్రి ఇక్కడికొచ్చింది. నువ్వు ఆడకముందు, ఆమెకు ఇంకో ఎత్తు దొరికితే ఏం చేస్తుందో చెప్పు." పిల్లాడు బోర్డును అవతలివైపు నుంచి చూడటం మొదలుపెడతాడు. చదరంగం నుంచి బడి తీసుకోదగ్గ లాభాల్లో నా దృష్టిలో మొదటిది ఇదే. తొమ్మిదేళ్ల వయసులో ఎదుటి మనిషి కుర్చీలో కూర్చుని ఆలోచించడం వేరే ఏ పీరియడ్‌లోనూ ఇంత తరచుగా, ఇంత కచ్చితంగా జరగదు.

దాని వెంటే ఇంకొకటి వస్తుంది. గల్లీ క్రికెట్‌లో ఔటైనవాడు బంతి ఎగిరిందంటాడు, అంపైర్ వాళ్ల అన్నయ్యంటాడు. చదరంగంలో ఆ సాకులకు చోటు లేదు. పాచికలు లేవు, ముక్కలు పంచేవాడు లేడు, ఇద్దరికీ ఒకే సైన్యం. టోర్నమెంట్ నియమం ప్రకారం చేత్తో ముట్టుకున్న పావునే ఆడాలి. చిన్న పిల్లలకు ఈ నియమం మొదట్లో ఘోరంగా అనిపిస్తుంది. "ఊరికే ముట్టుకున్నా సార్" అని ఏడుస్తారు. నెల తిరిగేసరికి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవడం చూస్తాం, నిజంగానే, తొందరపడి చెయ్యి పోకుండా. ఆడేశాక వెనక్కి తీసుకోలేని పని ఒకటుందని, దానికి ముందు కాస్త ఆగాలని ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తెలిసిన పిల్లలు వాళ్లు.

బంగ్లాదేశ్ పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. అక్కడ పరిశోధకులు మార్కులతో పాటు పిల్లల నిర్ణయాలను కూడా కొలిచారు. చెస్ నేర్చిన పిల్లలు, శిక్షణ ముగిసి దాదాపు ఏడాది ఐనా, నష్టం రావచ్చనే భయానికి అంతగా లొంగలేదు, తూచి సాహసం చేయగలిగారు. లెక్కల మార్కుల్లో కొంత పెరుగుదల కనపడింది గానీ గట్టిగా చెప్పగలిగేంత కాదు. సృజన, ఏకాగ్రతల్లో తేడా తేలలేదు. ఏకాగ్రత పేరుతో అమ్ముతున్న క్లాసులకు ఇది చేదు కబురే. ఐతే తప్పు చేస్తానేమోనని బోర్డు దగ్గరికే రాని పిల్లలున్న మన తరగతి గదుల్లో, నష్టానికి అంతగా బెదరని గుణం చిన్న విషయం కాదు.

లాభం ఎక్కడ పుడుతుందో ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఆటలో కాదు, ఆట అయ్యాక. టోర్నమెంట్లలో ఆటగాళ్లు ప్రతి ఎత్తునూ కాగితం మీద రాస్తారు. నిలువు వరుసకు ఓ అక్షరం, అడ్డు వరుసకు ఓ అంకె, ఆ రెండూ కలిస్తే గడి చిరునామా. ఐదో తరగతి పిల్లలు రెండు క్లాసుల్లో నేర్చుకుంటారు దీన్ని. రాసినందువల్ల ఏమవుతుందంటే, ముప్పై ఎత్తుల ఆటలో ఎక్కడ దారి తప్పామో వేలు పెట్టి చూపించడానికి వీలవుతుంది. "ఇదిగో, 17వ ఎత్తు. ఇక్కడ ఏనుగును ఎందుకు కదిపావ్?" "అక్కడ ఖాళీగా ఉందని." "దాని పని ఏంటి అంతకుముందు?" "గుర్రాన్ని కాస్తోంది." అంతే, సారు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. మన పిల్లలకు పరీక్ష పేపరు దిద్ది ఇచ్చినప్పుడు కనిపించేది ఎర్ర సిరాతో ఒక అంకె. ఆ జవాబు రాసేటప్పుడు తన బుర్రలో ఏం నడిచిందో తిరిగి చూసుకునే అవకాశం దాదాపుగా ఉండదు. స్కోరు షీటు ఆ అవకాశం ఇస్తుంది. దాన్ని వాడకుండా ఆట మీద ఆట ఆడించే క్లాసు పిల్లలను గంటసేపు నిశ్శబ్దంగా కూర్చోబెడుతుంది, అంతకుమించి ఏమీ చేయదు.

లెక్కల సంగతికి మళ్లీ వస్తే, అక్కడ కూడా ఇదే తీరు. ఇటలీలో రొబెర్టో త్రింకేరో, సాలా కలిసి చేసిన అధ్యయనంలో, చెస్ నేర్పేటప్పుడు సమస్యను ఎలా విడగొట్టాలో పైకి చెబుతూ నేర్పిన శిక్షకుల దగ్గర చదివిన పిల్లలు లెక్కల సమస్యల్లో మెరుగయ్యారు. ఊరికే ఆట నేర్చినవాళ్లకు ఆ మేలు అందలేదు. బోర్డుకూ లెక్కకూ మధ్య వంతెన దానంతట అది పడదు, టీచరు కట్టాలి.

ఎలా కడతారో ఒక్కటి చూపిస్తాను. ఖాళీ బోర్డు బొమ్మ ఇచ్చి, ప్రతి గడిలోనూ అక్కడ గుర్రం నిలబడితే ఎన్ని చోట్లకు దూకగలదో ఆ అంకె రాయమనాలి. మూల గడిలో 2 వస్తుంది. దాని పక్క గడిలో 3. నడిమధ్య గళ్లలో 8. మొదట పిల్లలు ఒక్కో గడినీ వేలితో లెక్కపెడతారు. పది గళ్లయ్యాక ఎవరో ఒకరు, తరచుగా వెనక బెంచీ నుంచే, "సార్, ఈ మూల రాసినదే ఆ మూలా రాయొచ్చు" అంటారు. బోర్డులో నాలుగో వంతు నింపితే మొత్తం నిండినట్టే. సౌష్ఠవం అనే మాట పుస్తకంలో రాకముందే చేతికి చిక్కింది. తర్వాత మొత్తం కూడమంటే, ఒక్కొక్కటీ కూడేవాళ్లు కొందరు, "2 నాలుగుసార్లు, 3 ఎనిమిదిసార్లు, 4 ఇరవైసార్లు, 6 పదహారు, 8 పదహారు" అని గుంపులు కట్టేవాళ్లు కొందరు. మొత్తం 336. గుర్రాన్ని మూలకు తోలితే ఎందుకు దండగో కూడా ఈ బొమ్మే చెబుతుంది. ఆ తర్వాత ఆటలో గుర్రాలు మధ్యకు రావడం మొదలవుతుంది.

చాంపియన్ల మాట ఎత్తకుండా తెలుగువాళ్ల దగ్గర చదరంగం గురించి మాట్లాడలేం. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తండ్రి అశోక్ శిక్షణలో ఎదిగి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. గుంటూరు నుంచి హరికృష్ణ, ద్రోణవల్లి హారిక. వరంగల్ నుంచి అర్జున్ ఇరిగేశి, ఆనంద్ తర్వాత 2800 రేటింగ్ దాటిన రెండో భారతీయుడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు స్వర్ణాలూ గెలిచినప్పుడు పురుషుల జట్టులో హరికృష్ణ, అర్జున్, మహిళల జట్టులో హారిక ఉన్నారు. గర్వపడాల్సిందే. కానీ వాళ్ల దారి వేరు. ఏళ్ల తరబడి రోజుకు గంటలకొద్దీ సాధన, ఊరూరా టోర్నమెంట్లు, విమాన టికెట్లు, ఉద్యోగాలు పక్కన పెట్టే తల్లిదండ్రులు. స్కూల్లో వారానికో పీరియడ్ ఆ దారికి తీసుకెళ్లదు, తీసుకెళ్తానని చెప్పకూడదు కూడా. నలభై మందిలో ముగ్గురి కోసం మిగతా 37 మందిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టే చెస్ క్లబ్బులు మనకు కావలసినన్ని ఉన్నాయి.

అందరికీ నేర్పడం ఎలా ఉంటుందో ఆర్మేనియాను చూస్తే తెలుస్తుంది. జనాభా సుమారు 30 లక్షలు. టిగ్రాన్ పెట్రోస్యాన్ 1963లో ప్రపంచ చాంపియన్ అయినప్పటి నుంచి అక్కడ చదరంగం ఇంటి ఆట. 2011లో రెండు నుంచి నాలుగో తరగతి దాకా దాన్ని తప్పనిసరి సబ్జెక్టు చేశారు. పాఠ్యపుస్తకాలు రాయించారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. మన పక్కన తమిళనాడు 2012లో ఏడు నుంచి పదిహేడేళ్ల పిల్లల కోసం బడుల్లో చెస్ పథకం మొదలుపెట్టింది. పదేళ్లకు మామల్లపురంలో ఒలింపియాడ్ నిర్వహించింది.

ఈ ఆటకు మైదానం అక్కర్లేదు, పొడుగు అక్కర్లేదు. బాలికలూ బాలురూ ఒకే బోర్డు మీద ఆడొచ్చు. చూపులేని పిల్లలకు నల్లగళ్లు కొంచెం ఎత్తుగా, పావులు గళ్లలో గుచ్చుకునేలా ఉండే బోర్డులున్నాయి, ఒక రంగు పావులకు తలపై చిన్న మొన ఉంటుంది. చేత్తో తడిమి కళ్లున్నవాళ్లతో సమానంగా ఆడతారు. పీఈటీ పీరియడ్‌లో ఎప్పుడూ గట్టు మీదే కూర్చునే పిల్ల తరగతిలో అందరినీ ఓడించడం, ఆ మరునాడు తన పక్కన కూర్చోడానికి నలుగురు పోటీ పడటం నివేదికల్లో కొలవరు.

ప్రభుత్వ బడిలో మొదలుపెట్టాలంటే పెద్ద ఖర్చేమీ కాదు. నలభై మందికి ఇరవై ప్లాస్టిక్ సెట్లు, చుట్టి పెట్టుకునే బోర్డులు. గ్రాండ్‌మాస్టర్ కోచ్ అవసరం లేదు, నియమాలు తెలిసి, ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగగలిగే టీచరు చాలు. మొదటి రోజే పదహారు పావుల కదలికలూ చెప్పి పిల్లలను బెదరగొట్టే బదులు బంట్లతో మొదలుపెట్టడం మేలు. ఇటు ఎనిమిది బంట్లు, అటు ఎనిమిది, ఎవరి బంటు ముందు అవతలి గట్టుకు చేరితే వాళ్లు గెలిచినట్టు. పది నిమిషాల్లో ఆట అయిపోతుంది, ఓడినవాళ్లకు వెంటనే ఇంకో ఆట. తర్వాతి వారం రాజు, ఆపై ఏనుగు, గుర్రం చివర్లో.

మొబైల్‌ను మాత్రం ఇందులోకి తేవద్దు, కనీసం మొదటి ఏడాది. యాప్‌లో ఒక్కో నిమిషం ఆటలు రోజుకు యాభై ఆడే పిల్లాడికి చెయ్యి వేగం వస్తుంది, ఆగే అలవాటు పోతుంది. ఓడిన మరుక్షణం కొత్త ఆట మీట నొక్కుతాడు కాబట్టి 17వ ఎత్తు ఎప్పటికీ బయటపడదు. బడిలో ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు, ఆట అయ్యాక మరో పది నిమిషాలు ఇద్దరూ కలిసి వెనక్కి తిప్పి చూసుకోవడానికి. ఈ నలభై నిమిషాలు ఎక్కడినుంచి తేవాలన్నది హెడ్మాస్టర్లు అడిగే ప్రశ్న. చాలా స్కూళ్లు సులువుగా పీఈటీ పీరియడ్‌ను కోసేస్తాయి. అది మాత్రం వద్దు. కూర్చునే ఆట కోసం పరిగెత్తే ఆటను తీసేస్తే పిల్లలు చదరంగాన్ని శిక్షగా చూస్తారు, వాళ్ల తప్పేమీ ఉండదు అందులో. శనివారం మధ్యాహ్నం స్టడీ అవర్ పేరుతో పుస్తకం తెరిచి నిద్రపోయే గంట ఒకటి దాదాపు ప్రతి బడిలోనూ ఉంటుంది. దాన్ని తీసుకోండి.